పుట్టినింటి అడవి

రఘువంశము రెండవ సర్గ చదివినవారికి దేవదారు వృక్షము కథ జ్ఞాపకముండును. దిలీపమహారాజు వసిష్ఠుని ధేనువును మేపుచు హిమాలయ గుహ చెంతకు పోయినపుడు ఒక సింహము ఆ ధేనువును పట్టెను. రాజు బాణము తీయబోగా చేయి కదలలేదు. అప్పుడా సింహము మనుష్యభాషలో తన వృత్తాంతము చెప్పెను. ఎదుటనున్న దేవదారువును పార్వతీదేవి కన్నబిడ్డవలె నీరు పోసి పెంచినదనియు, ఒకనాడు అడవియేనుగు దురద తీర్చుకొనుటకై రాచుకొనగా దాని బెరడు ఊడినదనియు, కొడుకునకు దెబ్బ తగిలినట్లే ఆ తల్లి దుఃఖించినదనియు, నాటినుండి ఆ చెట్టునకు కావలిగా శివుడు తన్ను అచట నిలిపెననియు దాని కథ.

కాళిదాసు కావ్యమున ఒక్క చెట్టు బెరడునకై ఒక సింహము కావలి యుండెను. 1974 మార్చి 26వ తేదీన అదే హిమాలయమున సుమారు 2,500 చెట్లకు కావలిగా నిలిచినవారు ఇరువదియేడెనిమిది మంది పల్లెటూరి స్త్రీలు, బాలికలు. వారి నాయకురాలి పేరు గౌరాదేవి. పేరు అట్లు కుదిరినది.

బదరీయాత్ర చేసివచ్చిన తెలుగువారికి జోషీమఠము తెలియును. శంకర భగవత్పాదులు ఉత్తరదిక్కున నెలకొల్పిన మఠము అచటిదే. దాని దిగువన విష్ణుప్రయాగ యొద్ద అలకనందలో వచ్చి కలియు నది ధౌలీగంగ. యాత్రికుల బస్సులు అలకనంద వెంట బదరికి పోవును. ధౌలీగంగ వెంట మరియొక దారి టిబెట్టు సరిహద్దునందలి నీతి కనుమకు పోవును. ఆ దారిలో జోషీమఠమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున, ఋషిగంగ ధౌలీగంగలో కలియుచోట, రైణి గ్రామమున్నది. ఇంకను పైకి పోయినచో ద్రోణగిరి యను ఊరు కలదు. సంజీవనికై హనుమంతుడు పెకలించుకొనిపోయిన కొండ తమదేయని ఆ ఊరివారి నమ్మకము. కొండను మరల తెచ్చి యథాస్థానమున పెట్టలేదను అలుకతో వారు హనుమంతుని పూజింపరు. లక్ష్మణుడు బ్రతికినందులకు వారికిని సంతోషమే యుండవచ్చును గాని, కొండ పోయిన బాధ కొండ పోయినవారికే తెలియును.

ఈ లోయలో నివసించువారు భోటియాలు. వేసవి వచ్చినంతనే గొఱ్ఱెలపై ధాన్యమును బెల్లమును సంచులుగా వేసి, కనుమ దాటి టిబెట్టునకు పోయి, ఉప్పును ఉన్నిని తెచ్చి అమ్ముకొనుట తరతరములుగా వారి వృత్తి. 1962లో చీనాతో యుద్ధము రాగా కనుమ మూతపడెను, వర్తకము ఒక్కసారిగా ఆగిపోయెను. సైన్యము వచ్చెను, సైన్యము కొఱకు రోడ్లు వచ్చెను, పొలములు కొన్ని సర్కారు పరమయ్యెను. మిగిలినది కొద్దిపాటి సేద్యము, గొఱ్ఱెలు, వెనుకనున్న అడవి. గౌరాదేవి 1925లో ఆ లోయలోనే లాతా గ్రామమున జన్మించి, చిన్నతనముననే రైణికి కోడలై వచ్చెను. ఇరువదిరెండేండ్లకు భర్త పోయెను. చంకబిడ్డను పెట్టుకొని ఇంటి వర్తకమును వ్యవసాయమును తానే నడపి, కొడుకును పెద్దవానిని చేసి, ఊరి మహిళామంగళ దళమునకు పెద్దయయ్యెను. ఆమెకు బడిచదువు లేదు. అడవి సర్కారుదని మాత్రము ఎరుగును. సర్కారుదైనంత మాత్రమున తమది కాకపోవుట ఎట్లో ఆమెకు బోధపడలేదు.

ఆ ప్రశ్న వెనుక నూరేండ్లకు పైబడిన చరిత్ర గలదు.

అడవి రాజుదను మాట ఈ దేశమునకు క్రొత్త గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున అడవి సరకులకు కుప్యాధ్యక్షుడను అధికారి యున్నాడు. ఏనుగుల అడవులకు వేరు కాపలా యున్నది. కాని అడవినంతటిని కొలిచి, పటము గీచి, గ్రామస్థుని పశువును తగరపు పలక యవతలనే నిలిపివేయు పద్ధతి ఆంగ్లేయుల కాలమున వచ్చినది. దానికి రైలు ముఖ్యకారణము. 1853లో బొంబాయిలో రైలు నడచినది మొదలు పట్టాల క్రింద పరచుటకు లక్షలాది దూలములు కావలసివచ్చెను. అవి కొన్నియేండ్లకు పుచ్చిపోవును, మరల క్రొత్తవి వేయవలెను. ఎండకు వానకు ఆగు కఱ్ఱలలో టేకు, గుగ్గిలము, దేవదారు ముఖ్యములు. హిమాలయపు దేవదారువనములపై గొడ్డలి పడినది అప్పుడే. గంగోత్రి త్రోవలోని హర్సిల్ యొద్ద విల్సన్ అను ఆంగ్లేయుడు టెహ్రీ రాజునొద్ద గుత్త పుచ్చుకొని చెట్లు నరికించి, దుంగలను భాగీరథిలో విడిచి, నీటి వాలుననే మైదానమునకు చేర్చుచుండెను. అతడు అపారమైన ధనము గడించి రాజువలె బ్రతికెను. గంగ నీటిని కావళ్ళతో మోసికొనిపోయి రామేశ్వరమున అభిషేకము చేయు దేశమున, గంగ చేతనే దుంగలు మోయించినవాడు అతడు.

ఇట్లు పోయినచో కొలదికాలములో కఱ్ఱ దొరకదని దొరలకు భయము పుట్టెను. 1864లో అడవి శాఖ ఏర్పడెను. బ్రాండిస్ అను జర్మను పండితుడు దానికి తొలి ఇన్‌స్పెక్టరు జనరలు. 1865లో ఒక చట్టము, అది చాలక 1878లో మరియొక చట్టము వచ్చెను. రెండవ చట్టముతో అడవి రిజర్వు, రక్షిత, గ్రామ అని మూడు విధములయ్యెను. గ్రామమునకని చెప్పిన మూడవ విధము చాలచోట్ల కాగితముపైననే నిలిచిపోయెను. మదరాసు రాజధానికి 1882లో వేరు చట్టము చేసిరి. దాని ఫలము తెలుగునాట పశువులున్న ప్రతివానికి పుల్లరి రూపమున తెలిసినది. 1921లో పల్నాటి రైతులు పుల్లరి చెల్లింపమని ఎదురు తిరుగుటయు, 1922లో మించాలపాడు యొద్ద కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియగుటయు జనులు మరువలేదు. అదే 1921లో కుమావూఁ కొండలలోను ప్రజలు అడవి ఆంక్షలపై తిరుగబడిరి. 1930 మే 30న టెహ్రీ సంస్థానమున తిలాడీ మైదానమందు అడవి హక్కులకై గుమిగూడిన పల్లెవాసులపై సంస్థాన సైన్యము కాల్పులు జరిపెను. పల్నాటివారికి కుమావూఁ తెలియదు. తిలాడీవారికి పల్నాడు తెలియదు. బాధించిన పద్ధతి ఒక్కటియగుటచే ఇరువురి నోట ఒకే మాట వచ్చెను.

1947 తర్వాత దొర పోయెను. లెక్క పుస్తకము మాత్రము పాతదే మిగిలెను. గ్రామపు లెక్కలు చూచినవారికి ఇది సులభముగా బోధపడును. సర్కారు భూమి యొక్క పద్దున దాని ఆదాయము వ్రాయుదురు గాని, దానివలన ఇరుగుపొరుగు పొలములకు కలుగు ఉపకారము వ్రాయుటకు గడి యుండదు. అడవి శాఖవారి పుస్తకమున కఱ్ఱ ఇన్ని ఘనపుటడుగులు, జిగురు ఇన్ని మణుగులు, వేలమున వచ్చినది ఇన్ని రూపాయలు అని యుండును. వాగు ఎండకాలమున ఎన్నాళ్ళు పారినది, కట్టెలమోపునకై ఆడది ఎన్ని క్రోసులు నడచినది, కొండచరియ ఎంత మన్ను విడిచినది అను పద్దులు లేవు. ఆ పుస్తకము అబద్ధమని చెప్పుటకు వీలులేదు. అందు వ్రాసిన ప్రతి అంకెయు నిజమే. వ్రాయవలసినదానిలో సగము వ్రాయలేదు, అంతే.

ఆ కొండలలోని చెట్లను బట్టియే ఈ సంగతి తేటపడును. బాంజ్ అను సింధూరజాతి చెట్టు ఆకు పశువులకు మేత. రాలిన ఆకు కుళ్ళి పొలమునకు ఎరువగును. దాని క్రింద నేల దూదివలె మెత్తనై వాననీటిని పీల్చుకొని నెలల తరబడి ఊటలుగా విడుచుచుండును. చీడ్ అను సరళవృక్షము నుండి కర్పూరతైలమునకు పనికివచ్చు జిగురు దిగును, కఱ్ఱ అమ్ముడుపోవును. దాని సూదులవంటి ఆకు పశువు తినదు, ఎండినచో నిప్పుకు పెట్రోలు వంటిది. శాఖవారు చీడ్‌ను ప్రోత్సహించిరి. పల్లెస్త్రీకి బాంజ్ కావలెను. ఇక వందలయేండ్లుగా మానవుడు చేయిపెట్టని పాతయడవి సంగతి వేరు. అందు పెద్దచెట్టు, పిల్లచెట్టు, పొద, నాచు, పడి కుళ్ళిన మ్రాను అన్నియు కలిసి ఒక కట్టడము. నరికినచోట మరల మొక్కలు నాటుదుమని అధికారులు చెప్పుదురు. నాటవచ్చును, పదియేండ్లలో పచ్చగా కనబడును గూడ. మనుమని చేత తాత పని చేయించుట ఎంతటి మాటయో అదియు అంతటి మాట.

1970 జూలై 20న అలకనంద పొంగెను. చమోలీ జిల్లాలో వంతెనలు, బస్సులు, ఇండ్లు కొట్టుకొనిపోయెను; బేలాకూచి యను ఊరు మాయమయ్యెను. 1893లో కొండ విరిగిపడి బిరహీ నదికి అడ్డము పడగా ఏర్పడిన గోహ్నా చెరువు, ఆ దినమున మన్నుతో పూడి తెగిపోయెను. ఆ చెరువే 1894లో ఒకసారి సగము తెగినది. నాటి ఇంజనీరులు తంతితీగ వేయించి దిగువనున్న ఊళ్ళను ముందుగా హెచ్చరించి ఖాళీ చేయించుటచే ఒక ఫకీరు కుటుంబములోని అయిదుగురు తప్ప ఎవరును చావలేదు. ఈ దేశపు వరదల చరిత్రలో ఇంతటి దూరాలోచన అరుదు. 1970లో అట్టి హెచ్చరిక లేదు. వరద తెచ్చిన ఒండ్రుతో ఎక్కడో మైదానమునందలి ఎగువ గంగకాలువ సైతము పూడిపోయెను.

వరద వచ్చినది అడవి నరికినందువలననే యని ఒక్క మాటలో తేల్చుట తొందరపాటు. హిమాలయము లేతకొండ, దాని రాయి వదులు, అడవి దట్టముగా నున్న కాలమునను అది విరిగిపడినది. అయినను బాధితులకు బియ్యము మోసికొనిపోయిన యువకులు త్రోవ పొడవునను ఒక సంగతి గమనించిరి. చెట్లు నరికి దుంగలు దొర్లించిన వాలులయందును, రోడ్డు కొఱకు మందుగుండు పెట్టిన చోటులయందును కొండ ఎక్కువగా జారియుండెను. ఆ యువకులు గోపేశ్వరమునందలి దశోలీ గ్రామస్వరాజ్య సంఘమువారు. వారి పెద్ద చండీప్రసాద్ భట్టు. ఆయన మొదట ఒక బస్సు కంపెనీలో టిక్కెట్ల గుమాస్తా. 1956లో జయప్రకాశ నారాయణుని ఉపన్యాసము విని సర్వోదయమున చేరెను. ఆ సంఘము చేయుచుండిన పని అతిసామాన్యము: కొండ కఱ్ఱతో వ్యవసాయపు పనిముట్లు చేసి అమ్ముట.

గొడవ కాడి కొఱకే పుట్టినది. అంగూ యను చెట్టు కఱ్ఱ తేలిక, గట్టి. కొండయెద్దుల మెడకు ఆ కాడియే పెట్టుదురు. 1973లో కొద్దిపాటి అంగూ చెట్లు ఇప్పింపుడని సంఘమువారు అడుగగా అడవి శాఖ నిరాకరించెను. కొన్నాళ్ళకు అవే చెట్లను ఆట సామగ్రి చేయు అలహాబాదు కంపెనీకి కేటాయించెను. రైతు కాడికి లేని కఱ్ఱ బంతులాట బ్యాటుకు దొరకినది! గోపేశ్వరమున సభలు జరిగెను. చెట్లను తగులబెట్టుదుమని ఒకరు, దుంగల లారీలకు అడ్డుపడుదుమని ఒకరు అనిరి. చెట్టును కౌగిలించుకొందము, గొడ్డలి వేయువాడు మన వీపుపై వేయునా చూతము అని భట్టు సూచించెను. హత్తుకొనుము అను అర్థముగల చిప్‌కో యను హిందీ మాట దానినుండియే పేరుగా నిలిచెను. ఏప్రిల్ 24న మండల్ గ్రామపు టడవిలోనికి డప్పులతో పాటలతో ఊరివారు పోగా, కంపెనీవారు గొడ్డలి ఎత్తకయే వెనుదిరిగిరి.

కంపెనీకి అంతట కేదారనాథ లోయలో ఫాటా యొద్ద చెట్లు చూపిరి. అచటివారును కావలి కాచిరి. డిసెంబరులో గుప్తకాశిలో సినిమా వేయుచున్నారను వార్త వచ్చెను. ఆ కొండలలో సినిమా యనగా సామాన్యమా? కావలివారును పోయి చూచి తిరిగివచ్చునప్పటికి అయిదు చెట్లు నేలపై యుండెను. కాని వారు ఆ దుంగలను కదలనీయలేదు. సంవత్సరముతో పర్మిట్ గడువు తీరెను, కంపెనీ వట్టిచేతులతో పోయెను. సినిమా ఉపాయము ఫలింపకపోయినను ఊరిని ఖాళీ చేయింపవచ్చునను సంగతి అందువలన తేలినది.

1974 జనవరిలో దేహరాదూన్ నందు రైణి అడవిలోని సుమారు 2,500 చెట్లు వేలమయ్యెను. భట్టు ఊరూర తిరిగి చెప్పెను. గోవింద సింహ రావత్ అను కమ్యూనిస్టు నాయకుడును ఆ లోయలో ప్రచారము చేసెను. మార్చి 26 వచ్చెను. 1962 యుద్ధకాలమున సైన్యమునకై తీసికొన్న పొలములకు నష్టపరిహారము చెల్లింతుము, చమోలీకి వచ్చి పుచ్చుకొనుడని ఆ దినమునకే కబురు వచ్చియుండెను. పండ్రెండేండ్లుగా ఎదురుచూచిన సొమ్ము! పోకుండుట ఎట్లు? రైణి మగవారందరు చమోలీకి పోయిరి. ఆ దినమే అడవి శాఖ పెద్ద అధికారియొకడు మాటలాడవలెనని భట్టును గోపేశ్వరమున నిలిపివేసెను. ఇది కేవలము కాకతాళీయమని నమ్మినవారు ఆ కొండలలో లేరు. వ్రాయక మిగిలిన పద్దు చెల్లించు దినముననే వ్రాసిన పద్దు వసూలు చేసికొనదలచిరి.

కూలీలను ఎక్కించుకొన్న బస్సు కిటికీలు మూసికొని జోషీమఠము నుండి బయలుదేరెను. రైణికి ముందే దిగి వారు ఊరు తగులకుండ అడ్డదారిన అడవికి పోవుచుండగా ఒక చిన్నపిల్ల చూచి పరుగున పోయి గౌరాదేవికి చెప్పెను. గౌర వంటయింటి పని వదలి ఇల్లిల్లు తిరిగెను. చేతనున్న పని చేతనే వదలి వచ్చిన స్త్రీలు, బాలికలు కలిసి ఇరువదియేడెనిమిది మంది. అంతకంటె ఊరిలో ఎవరును లేరు.

అడవిలో కూలీలు అన్నము వండుకొనుచుండిరి. గౌర వారితో చెప్పిన మాటల సారము పలువురు వ్రాసియున్నారు. అన్నలారా, ఈ అడవి మాకు పుట్టినిల్లు. ఇచటనే మాకు మందుమూలిక, కూర, కట్టె, మేత దొరకును. దీనిని నరికినచో కొండ వచ్చి మా పొలములపై పడును. అన్నము తిని మాతో ఊరికి రండు, మా మగవారు వచ్చిన పిదప మాటలాడుకొందము అనెను. పుట్టినిల్లు అనుటలో ఎంత అర్థమున్నదో తెలుగింటి ఆడపడుచునకు వేరే చెప్పనక్కరలేదు. అత్తవారింట ఎంత కష్టమైనను తలచుకొనుటకు ఒక చోటున్నదను ధైర్యమే పుట్టినిల్లు. ఆస్తి పత్రములలో కూతురికి పుట్టినింట భాగము లేకుండిన కాలమునను ఆ యిల్లు ఆమెది కాకపోలేదు. సర్కారు అడవిపై రైణి స్త్రీల హక్కు సరిగా అట్టిదే.

కూలీలు మెత్తబడిరి. వారును హిమాచలము నుండి పొట్టకూటికి వచ్చిన కొండవారే. అయితే వారితో వచ్చిన సిబ్బందిలో త్రాగియున్నవాడొకడు తుపాకి చూపి బెదరించెను. గౌర రొమ్ము చూపి, ముందు నన్ను కాల్చి తరువాత మా పుట్టినిల్లు నరుకుమని ముందుకు వచ్చెను. అతడు కాల్చలేదు. కూలీలు ఒక్కరొక్కరుగా సామానులు సర్దుకొని దిగిపోవ నారంభించిరి. దారిలో కొండచరియ విరిగినచోట సిమెంటు పలక వేసి కాలిదారి కట్టియుండిరి. స్త్రీలు తమ పనిముట్లతో దానిని ఊడదీసి క్రిందికి త్రోసివేసిరి. ఇక అడవికి త్రోవ లేదు. ఆ రాత్రి వారు అచటనే మేలుకొని కూర్చుండిరి. మార్చి నెలలో అంత ఎత్తున చలి యెట్టిదో బదరికి పోయినవారు ఊహింపగలరు.

మరునాడు మగవారును భట్టును వచ్చి చేరిరి. జరిగినదంతయు చెప్పిన స్త్రీలు తుపాకి సంగతి మాత్రము మొదట చెప్పలేదట. చెప్పినచో ఆ మనుష్యుని ఉద్యోగము పోవునని గౌర వారించినదని ఆ ప్రాంతమున చెప్పుకొందురు. ఈ మాట నిజమైనచో ఆమె పేరునకు తుపాకి ఎదుట నిలిచినదానికంటె ఇదియే పెద్ద భూషణము.

ఉత్తరప్రదేశ ముఖ్యమంత్రి హేమవతీనందన బహుగుణ విచారణకై ఒక సంఘమును నియమించెను. ఢిల్లీ వృక్షశాస్త్రజ్ఞుడు వీరేంద్రకుమార్ దానికి అధ్యక్షుడు. రెండేండ్లు పరిశీలించి, రైణి స్త్రీలు చెప్పినది సరియేనని ఆ సంఘము 1976లో తేల్చెను. ఎగువ అలకనంద ప్రాంతమున దాదాపు 1,200 చదరపు కిలోమీటర్లలో పదియేండ్లపాటు వ్యాపారపు నరకుడు నిలిపిరి. గుత్తేదారుల పద్ధతి తీసివేసి ప్రభుత్వమే అటవీ నిగమము పెట్టెను. గొడ్డలి పట్టినది నిగమమైనను చెట్టునకు తేడా లేదను సంగతి ఆ తర్వాత తెలిసినది.

ఇతర లోయలకు ఈ పద్ధతి ప్రాకెను. 1977లో హేంవల్ లోయలోని అద్వానీ గ్రామమున స్త్రీలు చెట్లకు రాఖీలు కట్టిరి. వారికి ముందు నడచిన బచ్నీదేవి ఊరిపెద్ద భార్య. ఆ భర్తయే గుత్తేదారుడు. అధికారి వచ్చి అడవి శాస్త్రము మీకేమి తెలియుననగా వారు పట్టపగలు లాంతర్లు వెలిగించి పట్టుకొని వచ్చిరి. అధికారికి వెలుగు చూపుటకట! అడవి ఏమిచ్చునో తెలియునా యని అతడు జిగురు, కఱ్ఱ, విదేశీ మారకము ఎన్నిచూపగా, అడవి ఇచ్చునవి మన్ను, నీరు, గాలియని స్త్రీలు బదులిచ్చిరి. పాత పుస్తకమున లేని పద్దులను ఇంత క్లుప్తముగా ఎక్కించిన గుమాస్తా ఎచటను లేడు.

ఊరిలోపలి తగవు ఇంకను కష్టము. 1980లో డుంగ్రీ పైంతోలీ గ్రామమున బాంజ్ అడవి కొట్టి బంగాళదుంప విత్తనముల క్షేత్రము చేయుదుమని ప్రభుత్వమువారు అడిగిరి. బదులుగా రోడ్డు, ఆసుపత్రి, విద్యుత్తు ఇత్తుమనిరి. మగవారి పంచాయతి సరేయనెను. స్త్రీలు వలదనిరి. కట్టెకును మేతకును ఇకమీదట రోజూ ఎన్నో మైళ్ళు నడువవలసినవారు తామే గదా. మగవారి బెదరింపులు లెక్కచేయక వారు ఆ అడవిని నిలుపుకొనిరి. రోడ్డు కావలెననిన మగవారి కోరికయు అన్యాయమైనది కాదు. ఒకటి పోగొట్టుకొనిననే రెండవది ఇత్తుమని చెప్పినవారిదే తప్పు.

సుందరలాల్ బహుగుణ ఉపవాసములు, పాదయాత్రలు చేసి ఈ సంగతిని దేశమంతటికిని చాటెను. 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వము ఆ కొండలలో 1,000 మీటర్లకు పైనున్న పచ్చని చెట్లను పదునైదేండ్లపాటు నరుకరాదని నిర్ణయించెను. అడవి భూమిని వేరొక పనికి మార్చుటకు కేంద్రప్రభుత్వ అనుమతి ఉండవలెనను చట్టమును ఆ సంవత్సరముననే వచ్చినది. అది తెలుగునాట నల్లమలకును పాపికొండలకును వర్తించెను. భట్టునకు 1982లో మెగసెసే బహుమానము లభించెను. బహుగుణ 2021 మే 21న కాలధర్మము నొందెను.

రైణి కథ ఇచట ముగిసినచో చక్కని పురాణమే యగును. 1982లో నందాదేవి పరిసరములు జాతీయవనమయ్యెను. గొడ్డలి పూర్తిగా నిలిచెను. దానితోపాటు రైణి, లాతా గ్రామముల గొఱ్ఱెల మేతయు, మూలికల సేకరణయు, కొండలెక్కువారికి త్రోవచూపి సంపాదించు కూలియు నిలిచెను. తాము కాపాడిన అడవిలోనికి పోవుటకు తామే అనుమతి అడుగవలసివచ్చెను. పుట్టినింటికి తాళము వేసి తాళపుచెవి పరాయివాని చేతికి ఇచ్చినట్లయ్యెను. 1998లో లాతా గ్రామస్థులు హక్కు కోరుచు వనములోనికి నడచిరి. గౌరాదేవి దీనిని చూడలేదు. ఆమె 1991 జూలై 4న దివంగతురాలయ్యెను.

అడవి యట్లుండగా నది కదిలెను. రైణి యొద్ద ఋషిగంగపై విద్యుదుత్పత్తికి ప్రైవేటు కట్టడము లేచెను. కొండలో మందుగుండు పేల్చుచున్నారని 2019లో గ్రామస్థులు హైకోర్టుకు ఎక్కిరి. 2021 ఫిబ్రవరి 7 ఉదయమున పైనున్న రౌంటీ శిఖరమునుండి రాయియు మంచును విరిగిపడి, బురద వరదయై ఋషిగంగ వెంట దూకెను. రైణి యొద్దనున్న కట్టడము ఆనవాలు లేకుండ పోయెను. దిగువ తపోవనమున నిర్మాణములోనున్న సొరంగమున కూలీలు చిక్కుకొనిరి. మరణించినవారును కనబడకపోయినవారును కలిసి రెండు వందలకు పైగా. ఈ విపత్తు చెట్లు నరుకుటవలన వచ్చినది గాదు. అంత ఎత్తున చెట్లే లేవు. కాని అంతటి నదికి అడ్డుగా కట్టడములు ఉండుటచేతనే ఇందరు మనుష్యులు ఆ ఉదయమున ఆ త్రోవలో నుండిరి.

ఆ సంవత్సరము జూన్ వానలకు రైణి నేల మరల జారెను. రోడ్డు ప్రక్కన నిలిపిన గౌరాదేవి విగ్రహమును అచటినుండి తీసి జోషీమఠము చేర్చిరి. ఇండ్లు పగుళ్ళు విచ్చిన కుటుంబములు ఊరు మార్పింపుడని ప్రభుత్వమును వేడుకొనిరి. వాన పెద్దదైన రాత్రులలో వారిలో పలువురు పిల్లలను, కప్పుకొనుటకు కంబళ్ళను తీసికొని ఇండ్లు విడిచి ఊరి పైనున్న అడవిలోనికి పోయి, తెల్లవారువరకు చెట్లక్రింద కూర్చుండిరి.